గురి ఆమెది, పేల్చేది అతను

1941 డిసెంబరులో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. 20 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న పెళ్లికాని ఆడవాళ్లు, పిల్లలు లేని వితంతువులు ఏదో ఒక యుద్ధసేవలో చేరి తీరాలి. సైన్యానికి అనుబంధంగా పనిచేసే మహిళా దళమా, పౌర రక్షణా, ఫ్యాక్టరీయా అన్నది కొంతవరకు వాళ్ల ఇష్టానికి వదిలారు. ఆడవాళ్లను చట్టం పెట్టి మరీ యుద్ధసేవకు పిలవడం ఆ దేశంలో అదే మొదటిసారి. అయితే అదే చట్టంలో ఒక మెలిక కూడా ఉంది. తనంతట తాను రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఏ మహిళ చేతా ప్రాణం తీసే ఆయుధం వాడించకూడదు.

ఆచరణలో ఈ మెలిక ఎలా ఉండేదో తెలియాలంటే విమాన విధ్వంసక ఫిరంగుల దగ్గరికి వెళ్లాలి. జర్మన్ బాంబర్లు రాత్రిపూట వచ్చేవి. ఎగిరే విమానాన్ని కొట్టాలంటే అది ఇప్పుడున్న చోటికి గురిపెడితే లాభం లేదు. గుండు పైకి చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఈలోపు విమానం ముందుకెళ్లిపోతుంది. కాబట్టి ఆ సెకన్ల తర్వాత అది ఎక్కడ ఉంటుందో లెక్క కట్టాలి. ఎత్తు కొలిచే పరికరం దగ్గర కొందరమ్మాయిలు, రాడార్ దగ్గర కొందరు ఉండేవాళ్లు. ప్రిడిక్టర్ అనే పెట్టె లాంటి యంత్రం చుట్టూ ఇంకొందరు నిలబడి, టెలిస్కోపులో విమానాన్ని పట్టుకుని చక్రాలు తిప్పుతూ దాన్ని వెంబడించేవాళ్లు. ఆ యంత్రం లెక్క తేల్చి ఫిరంగికి దిశ, వాలు పంపేది. అక్కడ మగ సైనికుడు గుండు ఎక్కించి పేల్చేవాడు.

అంటే విమానాన్ని కనిపెట్టిందీ, ఎత్తు తేల్చిందీ, గురి కుదిర్చిందీ ఆడవాళ్లే. ఒప్పుకుంటే వాడొచ్చని చట్టంలో ఉన్నా, ఆచరణలో పేల్చడం మాత్రం వాళ్లకు నిషేధం. ఈ దళాలకు అధిపతి జనరల్ ఫ్రెడరిక్ పైల్. యుద్ధానికి ముందే ఆయన క్యారొలీన్ హాస్లెట్ అనే మహిళా ఇంజనీరును పిలిపించి, ఈ పనుల్లో ఆడవాళ్లు ఏవేవి చేయగలరో చూసి చెప్పమన్నాడు. బాగా బరువైనవి తప్ప అన్నీ చేయగలరని ఆమె తేల్చింది. రాడార్ నడపడమైనా ఫిరంగి పేల్చడమైనా శత్రు విమానాన్ని కూల్చడానికే కదా, రెండింటికీ పెద్ద తేడా ఏముందని పైల్ తర్వాత రాసుకున్నాడు కూడా. ప్రధాని చర్చిల్ సొంత కూతురు మేరీ ఇలాంటి మిశ్రమ దళంలోనే పనిచేసింది. బాంబు పడితే ఆడా మగా ఇద్దరూ పోతారు. కాగితం మీద మాత్రం అతను యోధుడు, ఆమె సహాయకురాలు. జీతం అతనికి వచ్చేదాంట్లో మూడింట రెండొంతులు.

యుద్ధం, ఆడవాళ్లు అనగానే మనకు వినిపించే కథ ఒకటుంది. మగవాళ్లు యుద్ధానికి వెళ్లారు, ఖాళీ అయిన ఉద్యోగాల్లోకి ఇంటిపట్టున ఉన్న ఆడవాళ్లు వచ్చారు, తమ సత్తా చూపించారు, దాంతో హక్కులు వచ్చాయి. ఇందులో ఒక్కో ముక్కలోనూ కొంత నిజముంది. మొత్తంగా చూస్తే నాకు ఈ కథ నమ్మబుద్ధి కాదు. అవసరం ముంచుకొచ్చినప్పుడు "ఇది మగవాళ్ల పని" అనే గీతను చెరిపేయలేదు, కాస్త జరిపారు. జరిపేటప్పుడే దాన్ని మళ్లీ యథాస్థానానికి తేవడానికి కావలసిన ఏర్పాట్లు కూడా చేసుకున్నారు. ఆ ఏర్పాట్లు చట్టాల్లో, జీతాల ఒప్పందాల్లో, హోదాల్లో కనిపిస్తాయి. వీరగాథల్లో కనిపించవు.

ముందు ఆ "ఇంటిపట్టున ఉన్న" అనే మాట సంగతి చూద్దాం. యుద్ధ కర్మాగారాల్లోకి వచ్చినవాళ్లలో చాలామంది అంతకుముందే పనిచేస్తున్నవాళ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లలో పెద్దింటి పనిమనుషులు, మిల్లు కార్మికులు ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు యుద్ధం కొత్తగా పని ఇవ్వలేదు, మెరుగైన కూలి ఇచ్చింది. దానికి చెల్లించిన ధర కూడా తక్కువేమీ కాదు. టీఎన్‌టీ అనే పేలుడు మందు పొడి పట్టి చర్మం పసుపుపచ్చగా మారేది. జనం వాళ్లను "కనారీ పిట్టలు" అని పిలిచేవాళ్లు. వినడానికి ముద్దుగా ఉంది కానీ ఆ పచ్చదనం వెనక ఉన్నది విషం. కాలేయం దెబ్బతిని చనిపోయినవాళ్లున్నారు.

ఆ యుద్ధసేవకు ప్రతిఫలంగానే 1918లో ఓటు హక్కు వచ్చిందంటారు. ఆ చట్టం ఓటు ఇచ్చింది 30 ఏళ్లు నిండి, ఆస్తికి సంబంధించిన అర్హత ఉన్న ఆడవాళ్లకు. ఫ్యాక్టరీల్లో పసుపురంగు పులుముకున్నది ఎక్కువగా ఇరవైల్లో ఉన్న అమ్మాయిలు. బహుమతి వాళ్లకు అందనే లేదు. మరుసటి ఏడాది, 1919లో, యుద్ధానికి ముందున్న పని పద్ధతులను పునరుద్ధరించాలంటూ ఇంకో చట్టం వచ్చింది. యుద్ధకాలంలో యూనియన్లకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడమే దాని ఉద్దేశం. ఫలితంగా ఆడవాళ్లు ఆ యంత్రాల దగ్గర్నుంచి బయటికి నడిచారు. పనిమనిషి ఉద్యోగం వద్దన్నవాళ్లకు నిరుద్యోగ భృతి ఆపేసిన ఉదంతాలూ ఉన్నాయి.

రెండో యుద్ధం నాటికి ఈ తంతు ఇంకా పకడ్బందీగా తయారైంది. 1940లో ఇంజనీరింగ్ పరిశ్రమ యజమానులు, యూనియన్లు ఒక ఒప్పందానికి వచ్చారు. మగవాళ్ల పనిలో చేరిన మహిళకు మొదట ఆడవాళ్ల రేటే ఇస్తారు. విడతలవారీగా పెంచుతూ 32 వారాల తర్వాత మగవాళ్ల రేటు ఇస్తారు. షరతు ఒక్కటే: అదనపు సాయం గానీ అదనపు పర్యవేక్షణ గానీ లేకుండా ఆ పని మొత్తం ఆమే చేయాలి. చదివితే న్యాయంగానే ఉంది. ఆచరణలో యజమాని చేయాల్సిందల్లా యంత్రాన్ని సెట్ చేయడానికి ఒక మగ మెకానిక్‌ను పంపడం. "చూశారా, సాయం అవసరమైంది" అంటే రేటు అక్కడే ఆగిపోతుంది. పైగా ఈ మహిళలందరినీ తాత్కాలిక ఉద్యోగులుగానే భావించాలని కూడా ఒప్పందంలో రాసుకున్నారు.

గ్లాస్గో దగ్గర హిల్లింగ్టన్‌లో రోల్స్ రాయిస్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉండేది. 1943 చివర్లో అక్కడి మహిళలు ఈ మాయ మీదే సమ్మెకు దిగారు. యుద్ధం మధ్యలో, అదీ యుద్ధవిమానాల ఇంజన్ల దగ్గర సమ్మె అంటే ఎంత టెన్షన్ పుట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. చివరికి కుదిరిన రాజీ గమనించదగ్గది. ఎవరు నడుపుతున్నారన్నది పక్కన పెట్టి, ఫ్యాక్టరీలో ఒక్కో యంత్రానికి ఇంత రేటు అని పట్టిక వేశారు. అయినా తక్కువ రేటు యంత్రాల దగ్గరే ఆడవాళ్లు ఎక్కువగా తేలారనుకోండి. కానీ "ఆడవాళ్ల రేటు" అనే మాటకే అక్కడ గండి పడింది.

జీతమే కాదు, గాయానికి కూడా రెండు ధరలుండేవి. బాంబు దాడిలో కాలో చెయ్యో పోగొట్టుకున్న మహిళకు మగవాడికన్నా తక్కువ పరిహారం ఇచ్చేవాళ్లు. మహిళా ఎంపీలు పట్టుబట్టి పోరాడితే 1943లో గానీ అది సమానం కాలేదు.

ఇక అమెరికా. కండ చూపిస్తూ, తలకు ఎర్ర చుక్కల గుడ్డ కట్టుకున్న అమ్మాయి పోస్టర్ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. యుద్ధకాలంలో లక్షలమంది ఆడవాళ్లను ఫ్యాక్టరీలకు రప్పించింది అదేనని అనుకుంటారు. నిజానికి అది వెస్టింగ్‌హౌస్ కంపెనీ తన సొంత ఫ్యాక్టరీల లోపల, 1943 ఫిబ్రవరిలో రెండు వారాల పాటు అంటించుకున్న బొమ్మ. బయట దాన్ని చూసినవాళ్లు తక్కువ. 1980లలో మళ్లీ వెలుగులోకి వచ్చాకే ప్రపంచమంతా పాకింది.

పోస్టర్ కన్నా వాస్ప్ అనే మహిళా పైలట్ల దళం సంగతి ఎక్కువ చెబుతుంది. సైన్యం కోసం విమానాలు నడపడానికి శిక్షణ పూర్తి చేసిన మహిళలు 1,074 మంది. ఫ్యాక్టరీ నుంచి కొత్త విమానాలను స్థావరాలకు చేర్చేవాళ్లు. గన్నర్లు నిజమైన తూటాలతో ప్రాక్టీస్ చేసేందుకు తమ విమానం వెనక గుడ్డ లక్ష్యాన్ని కట్టి ఈడ్చుకుంటూ ఎగిరేవాళ్లు. 38 మంది చనిపోయారు. సైన్యం లెక్కలో వాళ్లు సివిల్ ఉద్యోగులు కాబట్టి శవపేటికను ఇంటికి పంపడానికి ప్రభుత్వం ఖర్చు పెట్టేది కాదు, పేటిక మీద జెండా కప్పే హక్కూ లేదు. తోటి పైలట్లు తలా కొంత చందా వేసుకుని పంపేవాళ్లు. 1944లో సైనిక హోదా ఇచ్చే బిల్లు కాంగ్రెస్ ముందుకు వచ్చింది. సరిగ్గా అప్పుడే శిక్షణ పాఠశాలలు మూతపడి మగ ఇన్‌స్ట్రక్టర్లకు పని పోతోంది. మా ఉద్యోగాలు ఆడవాళ్లకిస్తారా అని వాళ్లు గట్టిగా అడ్డుపడ్డారు. బిల్లు ఓడింది. డిసెంబరు 20న ఆ దళాన్నే ఎత్తేశారు, యుద్ధం ఇంకా అయిపోకముందే. మాజీ సైనికులుగా గుర్తింపు దక్కింది 1977లో.

గీతను నిజంగా దాటించిన దేశం సోవియట్ యూనియన్. ఎనిమిది లక్షలమందికి పైగా మహిళలు అక్కడ సైన్యంలో పనిచేశారు. నర్సులు, సిగ్నలర్లతో పాటు స్నైపర్లు, ట్యాంకు డ్రైవర్లు, ఫైటర్ పైలట్లు కూడా. 1941 అక్టోబరులో మరీనా రాస్కోవా అనే పైలట్ మూడు మహిళా విమాన దళాలను తయారుచేసింది. వాటిలో 588వ రెజిమెంట్ రాత్రి బాంబులేసే పని. వాళ్లకిచ్చింది చెక్క, గుడ్డతో చేసిన పీఓ-2 విమానాలు. అవి అసలు శిక్షణకూ, పొలాల మీద మందు చల్లడానికీ వాడేవి. లక్ష్యం దగ్గరికొచ్చాక ఇంజన్ వేగం తగ్గించి గాలిలో జారుకుంటూ వచ్చి బాంబు వదిలేవాళ్లు. కింద ఉన్న జర్మన్ సైనికులకు గాలి ఈల తప్ప ఏమీ వినిపించేది కాదు. "రాత్రి మంత్రగత్తెలు" అని పేరు పెట్టింది వాళ్లే. ఆ రెజిమెంట్ యుద్ధం ముగిసేసరికి 23,000 సార్లకు పైగా దాడికి వెళ్లింది.

సోవియట్ నాయకత్వానికి ఆడవాళ్ల మీద ప్రత్యేక గౌరవం ఉండి ఇలా చేశారనుకుంటే పొరపాటు. మొదటి రోజుల్లో రిక్రూటింగ్ ఆఫీసుల ముందు బారులు తీరిన అమ్మాయిల్ని నర్సింగ్‌కు పొమ్మని తిప్పి పంపినవాళ్లే. తొలి నెలల్లో లక్షలకు లక్షల సైనికులు పోయాక మాట మారింది. గెలిచాక మళ్లీ మారింది. 1945 జులైలో సోవియట్ అధ్యక్షుడు కాలినిన్ ఇంటిముఖం పడుతున్న మహిళా సైనికులతో మాట్లాడుతూ, మీరు చేసిన సేవ గురించి మీరే చెప్పుకోకండి, ఇతరులను చెప్పనివ్వండి అన్నాడు. ఇతరులు చెప్పిందేమిటో తెలుసు కదా. ముందువరసలో పనిచేసి వచ్చిన ఆడది అంటే అధికారుల "యుద్ధరంగపు పెళ్లాం" అని వెటకారం. పతకాలు పెట్టెలో దాచేసినవాళ్లు, పెళ్లి సంబంధం కోసం తాము సైన్యంలో ఉన్న సంగతే చెప్పనివాళ్లు ఉన్నారు. ఈ గుసగుస ఒక్క రష్యాదే కాదు. బ్రిటన్‌లో మహిళా దళాల మీద ఇలాంటి పుకార్లు ఎంత ముదిరాయంటే 1942లో ప్రభుత్వం విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. ఆ పుకార్లకు ఆధారం లేదని ఆ కమిటీ తేల్చింది.

జర్మనీ మాటేమిటి? నాజీలకు స్త్రీ అంటే తల్లి, వంటిల్లు అనే సిద్ధాంతం కాబట్టి ఆడవాళ్లను పనికి పిలవలేదని సులువుగా చెప్పేస్తుంటారు. యుద్ధం మొదలయ్యేనాటికే జర్మన్ మహిళలు పెద్ద సంఖ్యలో పొలాల్లో, ఫ్యాక్టరీల్లో ఉన్నారు. మిగిలినవాళ్లను పిలవాల్సిన అగత్యం లేకుండా చేసింది ఆక్రమిత దేశాల నుంచి ఈడ్చుకొచ్చిన వెట్టి కార్మికులు. సోవియట్ ప్రాంతాల నుంచి తెచ్చినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే, చాలామంది పిల్లవయసువాళ్లు. జర్మన్ తల్లి ఇంట్లో ఉండగలిగిందంటే ఆమె బదులు ఒక ఉక్రెయిన్ అమ్మాయి ఫ్యాక్టరీలో బందీగా ఉంది కాబట్టి.

మన దేశానికొస్తే, ఈ చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తని ఉదాహరణ బొగ్గు గనులది. తూర్పు భారతంలోని ఝరియా, రాణీగంజ్ గనుల్లో మొగుడూ పెళ్లాలు జంటగా దిగేవాళ్లు. అతను మల్కట్టా, బొగ్గు కొట్టేవాడు. ఆమె కామిన్, తట్టలో ఎత్తి టబ్బు అనే బొగ్గుబండి దాకా మోసేది. ఆడవాళ్లను భూగర్భంలోకి పంపకూడదని 1929లో మొదలుపెట్టి 1937 నాటికి పూర్తిగా ఆపేశారు. ఉద్దేశం మంచిదే. కానీ జంట కూలి మీద బతికే ఇంట్లో ఒక కూలి పోయింది, ఆ లోటు ఎవరూ పూడ్చలేదు. 1943 నాటికి యుద్ధం తూర్పు సరిహద్దు దాకా వచ్చేసింది. విమానాశ్రయాలు, రోడ్లు కట్టే మిలిటరీ పనుల్లో కూలి ఎక్కువ దొరుకుతుండటంతో మగ కార్మికులు గనులు వదిలి అటు వెళ్లారు. బొగ్గు లేక రైళ్లు, ఫ్యాక్టరీలు ఆగే పరిస్థితి. ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది.

అఖిల భారత మహిళా సభ మండిపడింది. లండన్ పార్లమెంటులోనూ ప్రశ్నలు లేచాయి. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో దీని మీద జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న డాక్టర్ అంబేడ్కర్‌కు. ఇది అత్యవసర చర్య, శాశ్వతం కాదన్నాడు. ఐదున్నర అడుగుల కన్నా తక్కువ ఎత్తున్న సొరంగాల్లో ఆడవాళ్లను పెట్టకూడదని, మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని షరతులు పెట్టామన్నాడు. ఆడామగా తేడా లేకుండా ఒకే పనికి ఒకే కూలి అన్న సూత్రం ఒక పరిశ్రమలో నెలకొనడం ఇదే మొదటిసారి అనుకుంటానని కూడా అన్నాడు. ఇద్దరి వాదనలోనూ బలముంది. గర్భంతో ఉన్న మనిషి గనిలోకి దిగడం ఘోరం. దిగకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. 1946 ఫిబ్రవరిలో నిషేధం తిరిగొచ్చింది, సమాన కూలి సూత్రమూ ఆ పనితో పాటే పోయింది. 1952 గనుల చట్టం ఆ నిషేధాన్ని ఖాయం చేసింది. పర్యవేక్షణ, సాంకేతిక, మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో పగటిపూట మహిళలు భూగర్భంలోకి దిగవచ్చని ప్రభుత్వం సడలించింది 2019లో. తట్ట మోసిన కామిన్ మనవరాలికి ఆ సడలింపుతో ఒరిగేది తక్కువే, ఆమె ఇంజనీరింగ్ చదివి ఉంటే తప్ప.

సైన్యం వైపు 1942లో ఉమెన్స్ ఆక్సిలరీ కోర్ పెట్టారు. టైపింగ్, టెలిఫోన్లు, సంకేతలిపి పనుల్లో వేలమంది చేరారు. స్వాతంత్ర్యంతో దాని కథ ముగిసింది. దీనికి ఎదురుగా నిలిచింది జపాన్ అండతో బ్రిటిష్‌వాళ్ల మీద పోరాడేందుకు సింగపూర్‌లో 1943లో నేతాజీ పెట్టిన ఝాన్సీ రాణి రెజిమెంట్. నాయకురాలు మద్రాసులో చదివిన డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్. చేరినవాళ్లలో ఎక్కువమంది మలయా రబ్బరు తోటల కూలీ కుటుంబాల అమ్మాయిలు, ముఖ్యంగా తమిళులు. భారతదేశాన్ని ఎప్పుడూ చూడనివాళ్లు కూడా తుపాకీ పట్టారు. ఆడవాళ్లకు ఆయుధాలేమిటని జపాన్ అధికారులు సణిగారు. శిక్షణైతే పూర్తయింది కానీ ముందువరసలో పోరాడే అవకాశం రాలేదు. 1945లో రంగూన్ నుంచి వెనక్కి, చాలాచోట్ల కాలినడకన, బాంబుల కింద తిరిగొచ్చారు.

పోరాడిన ఆడవాళ్లను తిరిగి ఇంటికి పంపడం మన తెలుగునేల మీదా జరిగింది. తెలంగాణ సాయుధ పోరాటం ప్రపంచయుద్ధం లాంటిది కాదు, లెక్క వేరు. కానీ దళానికి నాయకత్వం వహించిన మల్లు స్వరాజ్యం తల మీద 10,000 రూపాయల వెల ఉండేది. 1951లో పోరాటం విరమించాక మహిళలకు చెప్పిన మాట ఇంటికి పొండి, పెళ్లి చేసుకోండి అని. దళంలో మగవాళ్లతో సమానంగా అడవుల్లో నడిచినవాళ్లు ఆ మాట దగ్గర ఎంత నొచ్చుకున్నారో దశాబ్దాల తర్వాత వాళ్లే నోరు విప్పి చెప్పారు.

గీతను వెనక్కి జరపడంలో అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించే సంఘటన 1944 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటులో జరిగింది. మహిళా టీచర్లకు సమాన జీతం ఇవ్వాలన్న సవరణ 117-116తో, అంటే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. యుద్ధం మొత్తమ్మీద చర్చిల్ ప్రభుత్వం సభలో ఓడిన ఓటింగ్ అది. చర్చిల్ దాన్ని విశ్వాస తీర్మానంగా మార్చి, నేనా ఆ సవరణా తేల్చుకోండన్నాడు. హిట్లర్‌తో యుద్ధం నడుస్తుండగా ప్రధానిని ఎవరు దించుతారు? రెండ్రోజుల్లో భారీ మెజారిటీతో సవరణ కొట్టుకుపోయింది. టీచర్లకు సమాన జీతం పూర్తిగా అందింది 1961లో. యుద్ధం హక్కులను తెస్తుందనేవాళ్లకు నేను చూపించేది ఈ ఓటింగునే. యుద్ధం ఆ హక్కును అడగడానికి బలమిచ్చింది, "ఇప్పుడు కాదు" అనడానికి సాకూ ఇచ్చింది.

ఇంకొకటి, పిల్లల సంరక్షణ. బ్రిటన్, అమెరికా రెండూ యుద్ధకాలంలో ప్రభుత్వ డబ్బుతో శిశుకేంద్రాలు తెరిచాయి. ఆడవాళ్లు పనిచేయాలంటే పిల్లల్ని ఎవరో చూడాలని అప్పుడు అందరికీ అర్థమైంది. యుద్ధం ముగిసీ ముగియగానే ఎక్కువభాగం మూసేశారు. ఉద్యోగంలో ఉండాలా మానాలా అన్న నిర్ణయం చాలా ఇళ్లలో అక్కడే తేలిపోయింది. యుద్ధం తర్వాతా ఉద్యోగంలో కొనసాగాలని ఉందా అని యుద్ధం చివర్లో అమెరికా కార్మికశాఖ మహిళా విభాగం అడిగితే, దాదాపు నాలుగింట మూడొంతులమంది ఉందన్నారు.

అన్నీ చెరిగిపోయాయని కాదు. పెళ్లయితే ఉద్యోగం మానాలన్న నిబంధనను బ్రిటన్ 1944లో టీచర్లకు, 1946లో ప్రభుత్వోద్యోగులకు ఎత్తేసింది. జీతం చేతికొచ్చిన అనుభవం, హిల్లింగ్టన్ లాంటి చోట్ల బేరమాడిన అలవాటు మనుషుల్లో మిగిలాయి. హక్కులు నిలిచినచోట వాటి వెనక యూనియనో, మహిళా సంఘమో, కోర్టు కేసో ఉంది.

మన సైన్యంలోనూ అంతే. 1950 ఆర్మీ చట్టం 12వ సెక్షన్ ప్రకారం కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చిన విభాగాల్లో తప్ప మహిళలు సైన్యంలో చేరడానికి అనర్హులు. నర్సులు, డాక్టర్లు కాక ఇతర విభాగాల్లో అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలైంది, అదీ కొన్నేళ్ల షార్ట్ సర్వీసుకు. రిటైరయ్యేదాకా ఉద్యోగంలో ఉండనిచ్చే పర్మనెంట్ కమిషన్ కోసం మహిళా అధికారులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందు ప్రభుత్వం పెట్టిన వాదనల్లో ఒకటి, పల్లెల నుంచి వచ్చిన జవాన్లు మహిళ ఆజ్ఞలు పాటించడానికి మానసికంగా సిద్ధంగా లేరని. కోర్టు దాన్ని తోసిపుచ్చి పర్మనెంట్ కమిషన్ ఇవ్వమంది. 2022లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో అమ్మాయిలు అడుగుపెట్టారు, 2025 మేలో తొలి బ్యాచ్‌లో 17 మంది శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. 2023లో చెన్నైలోని సైనికాధికారుల శిక్షణ అకాడమీ నుంచి ఐదుగురు మహిళలు ఆర్టిలరీలో, అంటే ఫిరంగుల దళంలో, అధికారులయ్యారు. ఇన్‌ఫాంట్రీ (కాల్బలం), ట్యాంకు దళాలు ఇంకా ఆ జాబితాలో చేరలేదు. అవి తెరవడానికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు, 12వ సెక్షన్ కింద ఒక నోటిఫికేషన్ చాలు.